హాలియా రోడ్డులో దెబ్బతిన్న ఆడి టీటీ: బాగు చేయించాలా, టోటల్ లాస్‌కి వదిలేయాలా?

ఎర్రబండి_నల్లగొండ

అందరికీ నమస్తే. నాది 2012 ఆడి టీటీ, రెండో తరం బండి, 2.0 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో. నేను థర్డ్ ఓనర్‌ని. మొన్న రాత్రి హాలియా నుంచి నల్లగొండ వస్తున్నా. కోతల సీజన్ కదా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వచ్చింది. ఎడమ టైర్లు పట్టా మీదికి ఎక్కగానే బండి జారిపోయి, ఎడమ మూల కాలువ కల్వర్టు గోడకు కొట్టింది. ఎవరికీ ఏం కాలేదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు.

పైకి కనిపిస్తున్నవి: బంపర్ పగిలింది, ఎడమ హెడ్‌లైట్ చెవులు విరిగాయి, ఎడమ ఫెండర్ మడత పడింది, బోనెట్ మూల లేచింది. కింద కూలెంట్ కారింది. నాకు టెన్షన్ పెడుతున్నది వేరే. ఎడమ ముందు చక్రం వెనక్కి జరిగినట్టుంది. కుడివైపు టైరుకూ ఫెండర్‌కూ మధ్య నాలుగు వేళ్లు పడుతుంటే, ఎడమ వైపు వెనక సందులో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు.

ఇక్కడి మేస్త్రీ "గుంజి లైన్లో పెడతా" అంటున్నాడు. హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు ఫొటోలు చూసి 9 లక్షల 60 వేలు అన్నారు. ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) 12 లక్షలు, జీరో డెప్ (పార్టులు పాతబడ్డందుకు క్లెయిమ్‌లో కోత పెట్టని పాలసీ) లేదు. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ (బండి బాగు చేయించరు, దాని విలువ ఇచ్చేస్తారు) అంటారు కదా, ఆ లెక్కన హద్దు 9 లక్షలు. ఏం చేయమంటారు?

షెడ్డుమామ (మహబూబ్‌నగర్)

తమ్మీ, ముందు ఒక మాట. ఇంజన్ స్టార్ట్ చేయకు. "జరిపి పెడదాం" అని ఎవరన్నా తాళం అడిగినా ఇయ్యకు. కూలెంట్ పోయిన టర్బో ఇంజన్ కాసేపు తిప్పితే చాలు, టింకరింగ్ పనికి ఇంజన్ పని తోడవుతుంది. పైగా చక్రం వెనక్కి జరిగిందంటే డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలికి నొక్కుకుపోయి ఉండొచ్చు. అట్లనే తిప్పితే గేర్‌బాక్స్ సీల్ పోతుంది. ఎక్కడికి తీసుకుపోయినా ఫ్లాట్ బెడ్ (బండిని పూర్తిగా పైకెక్కించుకునే లారీ) మీదనే.

రెండోది, గ్యాస్ మంట దగ్గరికి రానీయొద్దు. నీ బండి మామూలు ఇనప బండి కాదు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తెచ్చి చూడు. డోరుకు అంటుకుంటుంది, ఫెండర్‌కు అంటుకోదు. ఈ తరం టీటీలో బాడీ దాదాపు 69 శాతం అల్యూమినియం, మిగతాది స్టీలు. స్టీలంతా వెనక ఫ్లోరు, డోర్లు, డిక్కీ మూతలో ఉంటుంది. ముందు భాగం, అంటే నీకు దెబ్బ తగిలిన చోటంతా, అల్యూమినియమే.

మేం స్టీలు పనికి అలవాటు పడ్డోళ్లం. ఇనుము వేడెక్కితే ఎర్రబడుతుంది, చూసి ఆపుతాం. అల్యూమినియం రంగు మారదు. 660 డిగ్రీల దగ్గర కరిగి కింద పడేదాకా కంటికి ఏం తెలియదు. దానికి చాలా ముందే దాని బలం పోతుంది, అదీ కనిపించదు. ఇనుము చైన్ కట్టి గుంజితే కొంత తన లైన్లోకి వస్తుంది. ఇది రాదు, గుంజినకొద్దీ గట్టిపడి పగులుతుంది.

జడ్చర్ల_జంక్షన్

రోడ్ల మీద వడ్లు ఆరబోసేవాళ్ల మీద కేసు పెట్టాలి అసలు.

మిర్యాల_మిల్లు

కల్లం ఎక్కడుంది భాయ్ ఆరబోయడానికి? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. రైతు ఎక్కడికి పోవాలి?

నిర్వాహకుడు

వడ్ల చర్చకు వేరే చోటుంది. ఇక్కడ బండి గురించే మాట్లాడండి.

పాత_సర్వేయర్

ఎర్రబండి గారూ, ఇన్సూరెన్స్ లెక్క కొంచెం వివరంగా చెబుతాను. ఇందులోనే చాలామంది పొరబడతారు.

సర్వీస్ సెంటర్ ఇచ్చిన 9.60 లక్షల ఎస్టిమేట్‌ను నేరుగా ఐడీవీలో 75 శాతంతో పోల్చకండి. పాలసీలో ఉన్న వాక్యం ఏమిటంటే, "పాలసీ షరతులకు లోబడి" రిపేర్ ఖర్చు 75 శాతం దాటితే కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ (బాగు చేయడం గిట్టదని టోటల్ లాస్‌గా లెక్కేయడం). షరతులంటే తరుగు (పార్టులు పాతబడ్డందుకు వేసే కోత) కూడా అందులోకి వస్తుంది. మీ బండి పదేళ్లు దాటింది కాబట్టి మెటల్ పార్టుల మీద 50 శాతం తరుగు. ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగులకు ఏ వయసులోనైనా 50 శాతమే. ఫైబర్‌కు 30. గాజుకు తరుగు లేదు. లేబర్‌కు లేదు. పెయింట్‌లో మెటీరియల్ మీద మాత్రమే 50 శాతం. బిల్లులో మెటీరియల్ విడిగా చూపకపోతే మొత్తం పెయింట్ ఖర్చులో 25 శాతాన్ని మెటీరియల్‌గా తీసుకుంటారు.

ఉదాహరణకు మీ 9,60,000లో పార్టులు 7,40,000, లేబర్ 1,30,000, పెయింట్ 90,000 అనుకుందాం. పార్టుల్లో సగం పోతే 3,70,000. లేబర్ పూర్తిగా 1,30,000. పెయింట్‌లో మెటీరియల్ 22,500, అందులో సగం 11,250 తీసేస్తే 78,750. మొత్తం 5,78,750. 1500 సీసీ పైన బండి కనుక కంపల్సరీ ఎక్సెస్ (క్లెయిమ్‌లో ఓనరే భరించాల్సిన మొత్తం) 2,000 పోను 5,76,750. సాల్వేజ్ (దెబ్బతిన్న పాత ముక్కల) విలువ ఇంకా తీయాలి. అంటే మీ జేబులోంచి 3,83,250 కన్నా ఎక్కువే పోతుంది, టోటల్ లాస్ మాత్రం కాదు.

క్లెయిమ్ 50 వేలు దాటింది కాబట్టి లైసెన్స్ ఉన్న సర్వేయర్ (డ్యామేజీని లెక్కగట్టే మనిషి) చూడాల్సిందే. ఆయన చూసేదాకా బండి విప్పించకండి. విప్పిన తర్వాత కొత్త డ్యామేజీ బయటపడితే సప్లిమెంటరీ ఎస్టిమేట్ ఇచ్చి మళ్లీ పిలవాలి. ఆ ఫోన్ చేయకుండా పని మొదలుపెడితే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

జడ్చర్ల_జంక్షన్

మా చుట్టాలబ్బాయికి గ్రాస్ ఎస్టిమేట్ (తరుగులు తీయకముందు మొత్తం) చూసే టోటల్ లాస్ ఇచ్చారే?

పాత_సర్వేయర్

ఇస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీకి సాల్వేజ్ మంచి ధరకు పోతుందనిపిస్తే గ్రాస్ మీదే మాట్లాడతారు, లేదంటే నెట్ (తరుగులు పోను మిగిలేది) మీద. ఇద్దరికీ ఇష్టమైతే నెట్ ఆఫ్ సాల్వేజ్ పద్ధతి కూడా ఉంది: బండి మీ దగ్గరే ఉంటుంది, ఐడీవీలోంచి సాల్వేజ్ ధర తీసేసి డబ్బులిస్తారు. కానీ ఏ దారిలో పోవాలన్నా ముందు డ్యామేజీ ఎంతో తెలియాలి. ఫొటోలు చూసి ఇచ్చిన ఎస్టిమేట్‌లో సర్వీస్ సెంటర్ వాళ్లు తమ భయాన్ని కూడా కలిపే రాస్తారు.

గేరుపెట్టె (నల్లగొండ)

సర్వేయర్ గారి మాటకు నాది కలుపుతున్నా. బంపరెంత, బోనెట్టెంత అని లెక్కలు వేస్తే ఏమొస్తుంది? అవి బోల్టులతో బిగించే ముక్కలు, డబ్బు పెడితే వస్తాయి. బండి బతుకుతుందా లేదా అన్నది చక్రాన్ని పట్టుకున్న చోటు తేలుస్తుంది.

ఎర్రబండి, ఇంటి దగ్గరే ఒక పని చేయొచ్చు. చదునైన గచ్చు మీద బండి ఉందా? స్టీరింగ్ నేరుగా పెట్టు. తాపీ మేస్త్రీ వాడే గుండు దారం తీసుకుని, ప్రతి చక్రం మధ్యలో, హబ్ సెంటర్ దగ్గర దారం పట్టుకుని వదులు. గుండు ఆగిన చోట నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టు. కుడివైపు ముందు గుర్తు నుంచి వెనక గుర్తుకు టేపు పట్టు, ఎడమ వైపూ అలాగే. ఈ బండి వీల్‌బేస్ 2,468 మిల్లీమీటర్లు. తర్వాత అడ్డంగా, ముందు కుడి నుంచి వెనక ఎడమకు, ముందు ఎడమ నుంచి వెనక కుడికి కొలువు. బోనెట్ తెరుచుకుంటే ఇంజన్ గది మూలల మధ్య కూడా ఇలాగే రెండు అడ్డ కొలతలు తీయి. ఫెండర్ బోల్టు రంధ్రాలు రెండు వైపులా ఒకే చోట ఉంటాయి కాబట్టి వాటినే గుర్తులుగా పెట్టుకో.

ఎర్రబండి_నల్లగొండ

కొలిచాను. మేస్త్రీ కూడా వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు. కుడివైపు 2,467. ఎడమ 2,441. చక్రాల అడ్డ కొలతల్లో తేడా ఉంది, కానీ ఇంజన్ గది మూలల మధ్య అడ్డ కొలతల్లో తేడా 2 మిల్లీమీటర్లే.

మేస్త్రీ ఇంకో సంగతి పట్టుకున్నాడు. ఎడమ వైపు స్ట్రట్ టవర్ (షాక్ అబ్జార్బర్ పై కొసను పట్టుకునే బాడీ భాగం) చుట్టూ, ఫైర్‌వాల్ (ఇంజన్ గదికీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) కలిసే చోట సీలెంట్ వరసగా ఉంటుంది కదా, దాని మీద గోరు పెట్టి మెల్లగా గీసుకుంటూ పోయాడు. ఎక్కడా పగులు లేదు, పొర లేవలేదు. డోరు సందు కూడా పై నుంచి కింది దాకా ఒకటే వెడల్పు. డోరు తెరిచి వేస్తే రాసుకోవడం లేదు. "ఇక్కడిదాకా దెబ్బ రాలేదన్నా, కిందనే ఆగింది" అన్నాడు.

షెడ్డుమామ (మహబూబ్‌నగర్)

ఆయన మంచి పనోడు తమ్మీ. సీలెంట్ అబద్ధం చెప్పదు. లోపలి మెటల్ రెండు మిల్లీమీటర్లు జరిగినా పైన సీలెంట్ వెంట్రుకవాసి పగులు చూపిస్తుంది. అల్యూమినియం పని చేయకపోయినా ఆయన కన్ను కరెక్టు.

గేరుపెట్టె (నల్లగొండ)

26 మిల్లీమీటర్లు చక్రం వెనక్కి జరిగింది, పైన బాడీ జరగలేదు. అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి), సబ్ ఫ్రేమ్ (ఆ చెయ్యి బిగించే ఫ్రేమ్), నకిల్ (చక్రం హబ్‌ను పట్టుకునే ముక్క), ఈ మూడింట్లో ఏదో, లేదా మూడూ. ఏదో తేల్చడానికి అలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టించు. కానీ నువ్వు టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం పక్కకు వాలి ఉండే కోణం) మాత్రమే అడిగితే వాళ్లు అవే ఇస్తారు. ఎస్ఏఐ కూడా ప్రింట్ తీయమను. స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్, అంటే చక్రం తిరిగే ఇరుసు లోపలికి ఎంత వాలి ఉందో ఆ కోణం. దానికి క్యాంబర్ కలిపితే వచ్చేది ఇంక్లూడెడ్ యాంగిల్. ఇది రెండు వైపులా దాదాపు ఒకటే ఉండాలి. ఎడమ వైపు ఇంక్లూడెడ్ యాంగిల్ మారిందంటే నకిల్ గానీ స్ట్రట్ గానీ వంగినట్టు. అది మారకుండా క్యాంబర్, ఎస్ఏఐ మాత్రం ఒకటి పెరిగి ఒకటి తగ్గాయంటే వంగినది అవి కాదు, వాటిని పట్టుకున్న చోటు జరిగింది. టవరో, ఆర్మో, సబ్ ఫ్రేమో. టవర్ జరగలేదని మీ మేస్త్రీ ఇప్పటికే చూసేశాడు.

ఎక్కువ షాపుల్లో ఈ ప్రింట్ అడిగితే వింతగా చూస్తారు. మెషీన్‌లో ఉంటుంది, వాళ్లు బటన్ నొక్కరు అంతే.

మిర్యాల_మిల్లు

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదన్నావు. సీట్ బెల్టు చూశావా? ప్రీటెన్షనర్ (గుద్దినప్పుడు బెల్టును ఒక్కసారిగా బిగించే భాగం) పేలి ఉంటే బెల్టు వెనక్కి చుట్టుకోకుండా బిగిసిపోతుంది. అది ఒక్కసారి పనికొచ్చే సరుకు, పేలితే మార్చాల్సిందే.

ఈ సందర్భంగా సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బండ్లు కొనేవాళ్లకు ఒకటి చెప్పాలి. నేను ఒక కూపే కొన్నా, ఎవరి దగ్గర అన్నది వదిలేయండి. ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోయేది, అంతా సవ్యంగా ఉన్నట్టే. స్కానర్ పెట్టినా కోడ్ ఏదీ లేదు. డ్యాష్‌బోర్డ్ ఏదో చప్పుడు చేస్తోందని విప్పిస్తే ప్యాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట ఖాళీ. కనెక్టర్‌కు చిన్న రెసిస్టర్ ఒకటి గుచ్చి ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఎయిర్‌బ్యాగ్ ఉందన్న భ్రమ కంప్యూటర్‌కు కలిగించడానికి ఆ రెసిస్టర్ చాలు. అందులో మా ఆవిడను కూర్చోబెట్టుకుని నాగార్జునసాగర్ పోయొచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జడ్చర్ల_జంక్షన్

పుట్టీ పట్టుకోవడానికి అయస్కాంతం సరిపోతుంది కదా? నేనెప్పుడూ అదే వాడతా.

షెడ్డుమామ (మహబూబ్‌నగర్)

ఇనప బండికి సరిపోతుంది. అల్యూమినియం బోనెట్ మీద పుట్టీ ఉన్నా లేకున్నా అంటుకోదు కదా. పెయింట్ మందం కొలిచే మీటర్ కావాలి, అదీ ఇనుము కాని మెటల్ మీద పనిచేసే రకం. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200, 300 చూపిస్తే మళ్లీ రంగు వేశారు. వెయ్యి దాటితే కింద పుట్టీ పూసుకుని ఉన్నట్టే.

ఎర్రబండి_నల్లగొండ

అప్‌డేట్. సర్వేయర్ వచ్చి చూశారు. హైదరాబాద్ ఆటోనగర్ వైపు అల్యూమినియం పనికి విడిగా గది ఉన్న బాడీ షాపు ఒకటి దొరికింది, కంపెనీ సర్వీస్ సెంటర్ కాదు. బండి ఫ్లాట్ బెడ్ మీద అక్కడికి పంపా. బెల్టు బాగానే చుట్టుకుంటోంది, స్కాన్‌లో ప్రీటెన్షనర్ కోడ్ లేదు.

ఆ గది చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఇనప పనికి వాడిన గ్రైండర్, బ్రష్ లోపలికి రానివ్వరు. సుత్తులు కూడా విడిగా పెట్టుకున్నారు. ఎందుకంటే ఇనప రజను అల్యూమినియంలో గుచ్చుకుంటే తడి తగిలినప్పుడల్లా అక్కడ తినేస్తుందట, పైన పెయింట్ పొంగులుగా లేస్తుందట. రెండు లోహాల రజనూ ఒకచోట కలిస్తే నిప్పు ప్రమాదం కూడా.

అలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టి ప్రింట్ తీశారు. గేరుపెట్టె అన్న చెప్పినట్టు ఎస్ఏఐ అడిగితే కుర్రాడు నిజంగానే వింతగా చూశాడు. ఇంక్లూడెడ్ యాంగిల్ రెండు వైపులా ఒకటే. క్యాంబర్, ఎస్ఏఐ మారాయి.

గేరుపెట్టె (నల్లగొండ)

అయితే నకిల్, స్ట్రట్ బతికాయి. ఆర్మ్, సబ్ ఫ్రేమ్ చూడమను. ఆర్మ్‌ను సాగదీస్తామంటే ఒప్పుకోవద్దు, మార్చాల్సిందే. సస్పెన్షన్ ముక్క దేన్నీ వంచి లైన్లో పెట్టరు.

పాత_సర్వేయర్

టవర్ దగ్గర, రెయిల్ (బాడీలో ముందుకు సాగే దూలం) కొస దగ్గర డై పెనెట్రెంట్ టెస్ట్ చేయమనండి. ఎర్ర ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొడతారు. కంటికి కనబడని పగులు ఉంటే తెల్లదనం మీద ఎర్రగీత తేలుతుంది. ఈ బాడీలో పోత ముక్కలు, ఎక్స్‌ట్రూజన్లు (అచ్చులోంచి తోసి చేసిన పొడవాటి ముక్కలు), షీట్ కలిసి ఉంటాయి. పోత ముక్క పగిలితే వెల్డింగ్‌తో అతికించే పని పెట్టుకోవద్దు. కంపెనీ పద్ధతి ప్రకారం గమ్, రివెట్లతో కొత్తది వేయాల్సిందే. అప్పుడు ఎస్టిమేట్ కథ మారిపోతుంది, అదే జరిగితే టోటల్ లాస్ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

షెడ్డుమామ (మహబూబ్‌నగర్)

హెడ్‌లైట్ కొత్తది కొనేముందు ఆగు తమ్మీ. లెన్స్ పగలకుండా చెవులు మాత్రమే విరిగితే చాలా ఆడి, ఫోక్స్‌వ్యాగన్ లైట్లకు చెవులు బిగించే రిపేర్ కిట్లు కంపెనీనే అమ్ముతుంది. పార్ట్ నంబర్ అడిగి చూడు. జినాన్ లైట్ పూర్తిగా కొంటే నొప్పి తెలుస్తుంది.

ఎర్రబండి_నల్లగొండ

పని ముగింపుకొచ్చింది, లెక్క రాస్తున్నా.

డై టెస్ట్‌లో టవర్ శుభ్రంగా ఉంది. రెయిల్ కొసన బోల్టులతో ఉండే క్రాష్ బాక్స్ మాత్రం నలిగి గుడ్డముక్కలా అయింది. గుద్దినప్పుడు నలిగి దెబ్బను పీల్చుకోవడమే దాని పని. లోయర్ ఆర్మ్ వంగింది, సబ్ ఫ్రేమ్ చెవి పగిలింది, రెండూ మార్చారు. ఎడమ డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ బూటు చిరిగింది, గేర్‌బాక్స్ సీల్ కారలేదు. రేడియేటర్, ఏసీ కండెన్సర్ కొత్తవి. ఇంటర్‌కూలర్‌కు (టర్బో గాలిని చల్లబరిచేది) ప్రెషర్ టెస్ట్ పెడితే నిలబడింది. ఫెండర్ మార్చారు. బోనెట్ సరిచేద్దామనుకున్నారు కానీ మూల మడత దగ్గర మెటల్ సాగిపోయిందని అదీ మార్చారు. హెడ్‌లైట్‌కు కిట్ దొరికింది. అలాయ్ వీల్ లోపలి అంచున పగులు ఉంది, వెల్డింగ్ చేస్తామన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోలేదు.

పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టారు. ఎరుపు పాతబడి కొంచెం వెలిసింది కాబట్టి కొత్త ఫెండర్ పక్కన తేడా కొట్టకుండా డోరు మీదికి కూడా రంగు కలుపుకుంటూ తీసుకుపోయారు. ఎండలో నిలబెట్టి చూశా, నాకైతే తేడా తెలియలేదు.

మొత్తం బిల్లు 6 లక్షల 20 వేలు. తరుగులు, ఎక్సెస్, సాల్వేజ్ పోగా నా వాటా రెండున్నర లక్షల పైన పడింది. నొప్పే, కానీ మొదట చూపించిన 9.60తో పోలిస్తే పర్లేదు. టోటల్ లాస్‌కి వదిలేసి ఉంటే మళ్లీ ఇలాంటి బండి ఎక్కడ దొరికేది?

చివరి అలైన్‌మెంట్ ప్రింట్ బిల్లుతో పాటు ఫైల్లో పెట్టా. రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు అడగకముందే చూపిస్తా.

మిర్యాల_మిల్లు

దాచకుండా చూపించే అమ్మకందారుడు దొరికితే మాకూ చెప్పండి 😄

జడ్చర్ల_జంక్షన్

పాత బోనెట్, రేడియేటర్ ఏం చేశావు? అల్యూమినియం స్క్రాప్‌కు మంచి రేటుంది.

పాత_సర్వేయర్

సాల్వేజ్ విలువ క్లెయిమ్‌లో తీసేశారు కాబట్టి మార్చిన పాత ముక్కలు ఆయనవే. తీయకపోతే ఇన్సూరెన్స్ కంపెనీవి. అసెస్‌మెంట్ షీట్‌లో సాల్వేజ్ అని ఒక లైన్ ఉంటుంది, చూసి అమ్మండి.

ఎర్రబండి_నల్లగొండ

లైన్ ఉంది, తీసేశారు. కాబట్టి బోనెట్, రేడియేటర్, ఆర్మ్ అన్నీ నావే. బోనెట్ కావాలంటే నల్లగొండ వచ్చి తీసుకుపో. హెడ్‌లైట్ మాత్రం అడగొద్దు, అది మళ్లీ బండికే ఎక్కింది.